చేతి పని చదువు ఆగిపోతే – దంత వైద్య విద్యార్థుల ఒత్తిడి

2020 ఏప్రిల్ 7న సింగపూర్‌లో సర్క్యూట్ బ్రేకర్ మొదలైన రోజులు మనలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటాయి. భోజనాల బల్ల మీదే మన ఆఫీసు, దాని పక్కనే పిల్లల బడి. జూన్ 1 దాకా అలాగే నెట్టుకొచ్చాం. కానీ ఆ బల్ల మీద సాగని చదువు ఒకటుంది, అదే దంత వైద్యం.

అప్పట్లో సింగపూర్‌లో బీడీఎస్ చదువు చెప్పేది ఒక్క నేషనల్ యూనివర్సిటీలోనే. 1929లో మొదలైన విభాగం అది. కోర్సు నాలుగేళ్లు. ముందు ఫాంటమ్ హెడ్ అనే బొమ్మ తలలో పళ్లు బిగించి సాధన చేయిస్తారు, ఆ తర్వాతే రోగి దగ్గరకు పంపుతారు. సర్క్యూట్ బ్రేకర్ కాలంలో దేశమంతటా అత్యవసర దంత చికిత్సలు మాత్రమే సాగాయి. కారణం తెలిసిందే. పన్ను అరగదీసే డ్రిల్ నిమిషానికి మూడు లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. దాన్ని చల్లబరచడానికి చిమ్మే నీరు రోగి లాలాజలంతో కలిసి సన్నటి తుంపరగా గదంతా వ్యాపిస్తుంది. కరోనాకు అంతకంటే అనువైన చోటు ఏముంటుంది!

మన ఆంధ్ర, తెలంగాణ డెంటల్ కాలేజీలు కూడా 2020 మార్చిలోనే మూతపడ్డాయి. పాఠాలు ఆన్‌లైన్‌లో నడిచాయి, పరీక్షకు చదవవలసినదీ చదివారు. మరి చేతుల సంగతి?

పంటి పైన ఉండే ఎనామిల్ మందం ఎక్కువలో ఎక్కువ రెండున్నర మిల్లీమీటర్లు. పుచ్చిన భాగం పోవాలి, మంచి భాగం మిగలాలి. పై పళ్లనైతే చిన్న అద్దంలో చూస్తూ పని చెయ్యాలి, అందులో అంతా తిరగబడి కనిపిస్తుంది. ఎంత ఒత్తిడి పెట్టాలో వేళ్లకు తెలియాలి తప్ప వీడియో చెప్పలేదు. మొదటి ఏడాది పిల్లలకు మైనపు దిమ్మెలో పన్ను చెక్కడం నేర్పుతారు. అది ఇంట్లోనూ చేసుకోవచ్చు. కానీ మైనానికి నాలుక అడ్డం రాదు, నీళ్లూరవు, "అమ్మా" అని మూలగదు. పైగా ముప్ఫై ఏళ్లు ప్రాక్టీసు చేసిన డాక్టరు ఆరు నెలలు ఆగినా చెయ్యి మరిచిపోదు. అప్పుడప్పుడే పట్టు దొరుకుతున్న విద్యార్థి మాత్రం వెనక్కి జారిపోతాడు.

క్లినిక్ తలుపులు తెరుచుకున్నాక పరిస్థితి ఇంకోలా ఉంది. ఎన్95 మాస్కు, దాని మీద షీల్డు, గౌను, ఆవిరి పట్టిన కళ్లద్దాలు, లోపల చెమట. పక్కనున్న మేష్టారు చెప్పేది సరిగా వినపడదు. ఎడం పాటించాలి కనుక రోగులూ తక్కువ, కుర్చీలూ తక్కువ. మన వైపు మరో చిక్కుంది, 'కోటా'. ఇన్ని పళ్లు తీయాలి, ఇన్ని రూట్ కెనాళ్లు చెయ్యాలి, ఇన్ని కట్టుడు పళ్ల సెట్లు అమర్చాలి అని లెక్క. మామూలు రోజుల్లోనే రోగిని వెతికి, ఆటో డబ్బులిచ్చి తెచ్చుకునే విద్యార్థులుంటారు. కరోనా భయంతో జనం రాని రోజుల్లో ఆ కోటా ఎలా పూర్తవుతుంది? సాయంత్రం ఇంటికెళితే తాతయ్యకు ఏమైనా అంటిస్తానేమోనన్న బెంగ ఒకటి.

అలాంటప్పుడు ఇంట్లో వినిపించే మాట, "ఇన్నాళ్లూ ఇంట్లోనే కూర్చుని చదువుకున్నావుగా, ఇప్పుడేంటి భయం?" తిట్టాలని అనే మాట కాదది, ధైర్యం చెప్పాలని అనేదే. కానీ థియరీలో ఎనభై మార్కులు తెచ్చుకుని, డ్రిల్ పట్టుకోగానే చెయ్యి వణికే పిల్లకు అది వేరేలా వినిపిస్తుంది. తనకు ఈ వృత్తి రాసిపెట్టి లేదనుకుంటుంది. నిజానికి అక్కడ లోపించింది ప్రతిభ కాదు, సాధన చేసిన గంటలు. గంటల బాకీని గంటలతోనే తీర్చాలి. రోగి కంటే ముందు మళ్లీ కొన్నాళ్లు బొమ్మ తల, ఆ తర్వాత తేలిక కేసులు, పక్కన మేష్టారు. కోటా అంకెను కాస్త పక్కనపెట్టి పని ఎంత బాగా చేస్తున్నారో చూడటమే న్యాయమని నా అభిప్రాయం.

దంత విద్యార్థులకు ఒత్తిడి కొత్త కాదు. దాన్ని కొలవడానికి ప్రత్యేకమైన ప్రశ్నావళే కోవిడ్‌కు చాలా ముందునుంచీ ఉంది. 2020లో సింగపూర్‌లో మొదటి ఏడాదిలో చేరిన వారు ఇప్పుడు డాక్టర్లయి మన పళ్లు చూస్తున్నారు. అయినా జబ్బు చేసో, ఇంట్లో కష్టమొచ్చో ఒక టర్ము పోగొట్టుకుని తిరిగి క్లినిక్‌కు వెళ్లే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. మీ ఇంట్లో అలాంటివారుంటే మార్కుల కంటే ముందు, ఈ వారం చేతితో ఏం పని చేశారో అడగండి. నిద్ర పట్టక, తిండి సహించక ఉంటే సింగపూర్‌లో సమారిటన్స్ వారి 1767కు ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యవచ్చు. ఇండియాలో ఉన్న పిల్లలకు టెలీ మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.