గురి తప్పే రైఫిల్: దోషాన్ని గుర్తించే పద్ధతి

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు యథార్థతకు, ఖచ్చితత్వానికి గల తేడాను వివరించగలుగుతారు. కొలతల వరుసను చూసి దోషం ఏ రకానిదో చెప్పగలుగుతారు. సరిదిద్దే పనిని ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

మెదక్ పట్టణానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న పోచారం అడవి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. నేడు అది అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువు వంటి పరిమిత సందర్భాలలో మాత్రమే అధికారులు రాతపూర్వకంగా అనుమతిస్తారు.

అటువంటప్పుడు గురి తప్పితే ఏమవుతుంది? 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులికి కుడివైపు పై, కింది కోరపళ్లు విరిగి ఉన్నాయి. పాత తుపాకి దెబ్బ వల్లే అవి విరిగాయని, సహజమైన వేట చేయలేక అది మనుషులపై పడిందని కార్బెట్ భావించాడు. అంటే ఎవరిదో ఒక తప్పిన గురికి ఎందరో ప్రాణాలతో మూల్యం చెల్లించారు. అందువల్ల రైఫిల్ గురి ఎందుకు తప్పుతుందో తెలుసుకోవడం కేవలం లెక్కల అభ్యాసం కాదు.

2. రెండు రైఫిళ్లు, రెండు దోషాలు

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 100 మీటర్ల దూరంలోని లక్ష్యంపై రెండు రైఫిళ్లతో ఐదేసి తూటాలు పేల్చారు. లక్ష్య కేంద్రం నుండి కుడికి (+), ఎడమకు (–) ఎన్ని సెంటీమీటర్లు తప్పాయో చూడండి.

మొదటి రైఫిల్: +12, +11, +13, +12, +12
రెండవ రైఫిల్: –8, +9, –2, +6, –5

మొదటి దాని సగటు +12. తూటాలన్నీ 2 సెంటీమీటర్ల వెడల్పులోనే పడ్డాయి. ఖచ్చితత్వం ఉంది, యథార్థత లేదు. ఇది క్రమ దోషం. మీరు ప్రయోగశాలలో చూసిన స్క్రూగేజి శూన్యాంశ దోషం కూడా ఇలాంటిదే. రెండవ దాని సగటు సున్నా. కానీ తూటాలు 17 సెంటీమీటర్ల మేర చెదిరాయి. ఇది యాదృచ్ఛిక దోషం.

మొదటి రైఫిల్‌కు గురి సరిచేసే మరను తిప్పితే చాలు. గురి కోణం ఒక నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు మారితే, 100 మీటర్ల వద్ద తూటా 2.9 సెంటీమీటర్లు జరుగుతుంది. కనుక 12 సెంటీమీటర్లకు సుమారు 4 నిమిషాల సవరణ కావాలి.

రెండవ రైఫిల్‌కు ఆ మర పనిచేయదు. పైగా ప్రతి తూటా తరువాత అది తప్పిన మేరకు మరను తిప్పుతూ పోతే, చెదురు సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది. యాదృచ్ఛిక దోషాన్ని క్రమ దోషంగా పొరబడి సరిదిద్దడమంటే కొత్త దోషాన్ని కలపడమే.

3. చెదురుకు కారణాలు

సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో తూటా పేలినప్పుడు పుట్టే శక్తిలో కొంత భాగం ఖాళీ గుల్లను బయటకు నెట్టి, తరువాతి తూటాను లోపలికి తెస్తుంది. కదిలే భాగాలు ఎక్కువ కనుక పరిశీలించవలసినవీ ఎక్కువే. సులభమైన వాటితో మొదలుపెట్టండి.

మొదట దుర్భిణిని బిగించిన మరలు వదులయ్యాయా? తూటాలన్నీ ఒకే రకం, ఒకే తయారీ విడతవేనా? రైఫిల్‌ను ప్రతిసారీ ఒకే విధంగా ఆనించారా? బ్యారెల్ లోపల లోహపు మడ్డి పేరుకుందా? చెక్క భాగం బ్యారెల్‌కు ఒకచోట ఒత్తుకుంటోందా? ఇవన్నీ సరిగా ఉంటేనే బ్యారెల్ మూతి అంచు దెబ్బతిందా, కదిలే భాగాలు అరిగాయా అని లైసెన్సు గల మెకానిక్ చేత చూపించాలి.

తూటాలు పడిన వరుసను కూడా తప్పక రాసుకోండి. ప్రతిసారీ మొదటి తూటా ఒక్కటే వేరుగా పడుతుంటే, దానిని చేత్తో ఎక్కించడం, మిగిలినవి యంత్రబలంతో ఎక్కడం కారణం కావచ్చు.

4. పాటించవలసిన క్రమం

ఒకసారి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. మూడు తూటాలను చూసి తీర్పు చెప్పకండి. సగటులోని అనిశ్చితిని సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్లు తూటాలు కావాలి. ఇటువంటి పరీక్షలు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్నవారు, అనుమతి పొందిన షూటింగ్ రేంజిలో మాత్రమే చేయాలి.

5. మీ అవగాహనను పరీక్షించుకోండి

వరుసగా పేల్చిన ఆరు తూటాలు 0, +3, +5, +8, +10, +12 సెంటీమీటర్ల వద్ద పడ్డాయి. ఇది ఏ దోషం?

సమాధానం: వరుసను పట్టించుకోకపోతే చెదురులా కనిపిస్తుంది. కానీ విలువలు ఒకే దిశలో పెరుగుతున్నాయి. బ్యారెల్ వేడెక్కి వంగుతూ ఉండవచ్చు. తూటాకు తూటాకు మధ్య చల్లారనిచ్చి మళ్లీ కొలవండి. పెరుగుదల ఆగితే మీ అనుమానం బలపడినట్టే.

6. సారాంశం

సగటు తప్పితే సవరించండి. చెదిరితే కారణం వెతకండి. ఒకే దిశలో జరుగుతుంటే కాలంతో పాటు ఏది మారుతోందో చూడండి. తక్కెడకైనా, థర్మామీటరుకైనా ఇదే పద్ధతి వర్తిస్తుంది. దోషం ఏ రకానిదో తేలేదాకా మర మీద చేయి వేయకండి.