తొమ్మిదితో ఆగిన ఎక్కం



పందొమ్మిదో ఎక్కం మీలో ఎంతమందికి తడుముకోకుండా వచ్చు? నాకు వచ్చు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి, రాకపోతే ఎట్లా? అటువంటి నేను మొన్న వేసవిలో, మెదక్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని, ఒక కంప్యూటరు చేత ఆ ఎక్కం చెప్పించబోయి తొమ్మిదో వరస దగ్గర చతికిలపడ్డాను. ఆ కథే ఇది.

కంప్యూటరు మన మాటలు విని పని చేసే నౌకరు కాదు. దానితో పని చేయించుకోవటానికి ప్రత్యేకంగా కొన్ని భాషలున్నవి. వాటిలో ఒకదాని పేరు పైథాన్. పైథాన్ అంటే కొండచిలువ గదా, ఈ భాష మనని మింగుతుందేమో అని భయపడకండి. గీడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవులలో, దీన్ని రాయటం మొదలుపెట్టాడు. 1991లో లోకానికి విడుదల చేశాడు. ఆయనకు ఇష్టమైన ఒక బ్రిటిష్ టెలివిజన్ హాస్య కార్యక్రమం పేరులో పైథాన్ అనే మాట ఉన్నది. దాన్ని తెచ్చి తన భాషకు పెట్టాడు. అంతే!

మా పక్కింటి అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఆ పిల్ల ఈ భాష నేర్చుకోవటానికి ఒక పుస్తకం సంపాదించింది. కొత్తవారి కోసం రాసిన పుస్తకం అది. ‘‘తాతా, నాకు తోడుగ నువ్వు కూడ చదువు,’’ అన్నది. అరవై నాలుగో ఏట మళ్ళీ ఓనమాలు దిద్దటానికి కూర్చున్నాను.

ఆ పుస్తకం పుట్టిన కథ కూడా మీరు వినవలసినదే. అమెరికాలో ఆలెన్ డౌనీ అనే ఆయన కాలేజీ అధ్యాపకుడుగా పని చేసేవాడు. 1999లో ఆయన జావా అనే మరొక కంప్యూటరు భాష నేర్పవలసి వచ్చింది. పాఠ్యపుస్తకాలేమో దిండ్లంత లావు! విద్యార్థులు వాటిని చదవరు, తప్పుతారు. యాభై పేజీలు ఇచ్చి చదవకుండా చేయటం కన్న, పది పేజీలు ఇచ్చి చదివించటం మేలని ఆయన తలచాడు. క్లాసులు మొదలు కావటానికి రెండు వారాలే ఉన్నది. రోజుకొక అధ్యాయం చొప్పున పదమూడు రోజులలో పదమూడు అధ్యాయాలు రాశాడు. అంతేకాదు, ఎవరైనా దాన్ని కాపీ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని అనుమతి ఇచ్చాడు.

వర్జీనియా రాష్ట్రంలో జెఫ్రీ ఎల్క్‌నర్ అనే హైస్కూలు ఉపాధ్యాయుడికి ఈ పుస్తకం దొరికింది. ఆయన అందులోని జావాను తీసివేసి, తన పిల్లల కోసం పైథాన్‌లోకి మార్చి, డౌనీకి ఒక ప్రతి పంపాడు. డౌనీకి అప్పటికి పైథాన్ రాదు. అందుచేత, తాను రాసిన పుస్తకమే తాను చదువుకుని ఆయన పైథాన్ నేర్చుకున్నాడు! గురువుకు శిష్యరికం చేయటానికి సిగ్గు ఉండకూడదని నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

సరే, మా పాఠం సంగతికి వద్దాం.

మొదటి రోజున, అక్షరాలను తెర మీద చూపమని చెప్పే ‘‘ప్రింట్’’ అనే మాటలో రెండు అక్షరాలు అటూ ఇటూ చేసి కొట్టాను. యంత్రం తిట్టలేదు. ఆ మాట ఎన్నో వరసలో ఉన్నదో చెప్పి, ‘‘మీ ఉద్దేశం ప్రింట్ అనా?’’ అని ఎంతో మర్యాదగా అడిగింది! రెండో రోజు, వరస చివర పెట్టవలసిన రెండు చుక్కల గుర్తు మరిచాను. అది ఉండవలసిన చోట కింద గుడిసె కప్పువంటి చిన్న గుర్తు పెట్టి చూపించింది.

అమ్మాయికి మాత్రం ఓపిక పోయింది. నాలుగుసార్లు వరసగా తప్పులు వచ్చేసరికి, పుస్తకం మూసి, ‘‘నాకు ఇవి రావు తాతా,’’ అన్నది.

ఆ మాట వినగానే నా మనసు చివుక్కుమన్నది. అదే మాట వెనక ఒకసారి మరొక పిల్లవాడి నోట విన్నాను. నేను లెక్కల పంతులుగా ఉన్న రోజులవి. వాడి నోటుపుస్తకంలో ఒక పెద్ద లెక్క మీద ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి, సున్నా వేసి ఇచ్చాను. తప్పు ఎక్కడ ఉన్నదో చూపలేదు. తరవాత ఎప్పుడో చూస్తే, వాడు ఆరును తొమ్మిదిగా ఎక్కించుకున్నాడు. మిగతా లెక్కంతా సరిగానే చేశాడు. కాని అప్పటికే వాడు తనకు లెక్కలు రావని నిశ్చయించుకున్నాడు. నోటుపుస్తకం తేవటం మానేశాడు. ప్రాణం లేని యంత్రం వరస నంబరుతో సహా తప్పు చూపిస్తున్నది. ఇన్ని ట్రైనింగులు పొందిన నేను ఆ పని చేయలేదు!

‘‘రాకపోవటం కాదమ్మా, ఇంకా రాలేదు. రెండింటికీ చాలా తేడా ఉన్నది,’’ అని చెప్పి పుస్తకం మళ్ళీ తెరిపించాను. ఆ రోజున పందొమ్మిదో ఎక్కం మొదలుపెట్టాం.

పైథాన్‌లో ‘‘రేంజ్’’ అనే మాట ఉన్నది. దానికి రెండు అంకెలు ఇస్తే, వాటి మధ్య అంకెలన్నీ వరసగా అందిస్తుంది. నేను 1, 10 ఇచ్చాను. తెర మీద పందొమ్మిది ఒకట్ల పందొమ్మిది నుంచి వరసలు చకచకా దిగినవి. పందొమ్మిది తొమ్మిదులు నూట డెబ్భై ఒకటి దగ్గర టక్కున ఆగినవి. ఈసారి యంత్రం ఏ తప్పూ చూపలేదు!

నేను తెల్లమొహం వేశాను. అమ్మాయి మాత్రం తెర వంక కాసేపు చూసి, ‘‘తొమ్మిది కాడనే ఆగింది గద తాతా! పదిని లోపలికి రానిస్తలేదు,’’ అన్నది. నిజమే! ఆ రెండో అంక పొలిమేర రాయివంటిది. అక్కడిదాకా వెళ్ళాలి, దాన్ని ముట్టకూడదు. రెండో అంకలో నుంచి మొదటిది తీసివేస్తే ఎన్ని వరసలు వస్తాయో తెలుస్తుంది. పదిలో ఒకటి పోతే తొమ్మిది. పది వరసలు కావాలంటే 1, 11 ఇవ్వాలి. ఇచ్చాం. నూట తొంభై వచ్చింది!

ఇందులో ఒక నీతి ఉన్నది. తప్పులు మూడు రకాలు. వ్యాకరణం తప్పితే యంత్రం మొదటే ఆగి చెబుతుంది. ఏ అంకెనైనా సున్నాతో భాగించమన్నామనుకోండి, పని మధ్యలో ఆగి చెబుతుంది. మూడో రకం తప్పు అర్థంలో ఉంటుంది. మనం కోరింది ఒకటి, చెప్పింది మరొకటి. అప్పుడు యంత్రం చెప్పినట్టే చేసి ఊరుకుంటుంది. ఆ తప్పు మనిషి కళ్ళకే కనబడాలి. జవాబు ముందుగా తెలిసిన ఎక్కంతో మొదలుపెట్టటం అందుకే మంచిది.

మరొక వింత చూడండి. ‘‘మెదక్’’ అనే మాటలో అక్షరాలెన్ని అని పైథాన్‌ను అడిగాం. అయిదు అన్నది! మనం మె, ద, క్ అని మూడే లెక్కపెడతాం గదా? యంత్రం తెలుగును విడదీసి దాచుకుంటుంది. మ ఒకటి, దాని ఎత్వం ఒకటి, ద ఒకటి, క ఒకటి, పొల్లు ఒకటి, వెరసి అయిదు. అలాగే ‘‘అమ్మ’’కు నాలుగు: అ, మ, పొల్లు, మ. చిన్నప్పుడు మీ పంతులుగారు గుణింతాలూ, ఒత్తులూ ఎందుకు దిద్దించారో ఇప్పుడు తెలిసిందా?

పైథాన్ వ్యాకరణంలో ముఖ్యపదాలు 35. అవి ఇంగ్లీషువే. కాని లెక్కలు దాచుకునే పేర్లు మనం తెలుగులోనే పెట్టుకోవచ్చు. 2008లో వచ్చిన మూడో పైథాన్ నుంచి ఆ వీలు ఉన్నది. మా అమ్మాయి ఎక్కం దాచిన పేరు ‘‘ఎక్కం’’ అనే!

ఇటువంటి పుస్తకం మీ చేతికి వస్తే, ఊరికే చదవకండి. ప్రతి ఉదాహరణనూ స్వయంగా టైపు చేయండి. నడిపించే ముందు ఏమి వస్తుందో కాగితం మీద రాసుకోండి. ఆ తరవాత కావాలని ఒక చుక్క తీసివేసి, యంత్రం ఏమంటుందో చూడండి. రోజుకు రెండు పేజీలు చాలు.

మా మెదక్‌కు ఆ పేరు మెతుకు అనే మాట నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. అన్నం ఉడికిందో లేదో తెలియటానికి అమ్మ ఒక్క మెతుకు పట్టి చూస్తుంది. మీరు కూడా మొత్తం ప్రోగ్రాం రాసేదాకా ఆగకుండా, ఒక్కొక్క వరస పట్టి చూడండి.

తప్పు వస్తే పుస్తకం మూయకండి. అది ఎన్నో వరసలో ఉన్నదో వెతకండి. మీ నోటుపుస్తకంలో ఎవరైనా ఎర్రసిరాతో కొట్టి ఇస్తే, ‘‘ఎక్కడ తప్పింది సారూ?’’ అని వినయంగా అడగండి. ఆ పిల్లవాడు ఆ రోజున నన్ను అడిగి ఉంటే ఎంత బాగుండేది! కాని అడగవలసినది వాడు కాదు, చెప్పవలసినది నేను.