తాఊన్ లక్షణాలు - వాటిని గుర్తించే విధానం

అరబ్బీలో అంటువ్యాధులన్నింటికీ 'వబా' అనీ, ప్లేగుకు ప్రత్యేకంగా 'తాఊన్' అనీ పేర్లున్నాయి. ప్రతి తాఊన్ వబాయే గాని, ప్రతి వబా తాఊన్ కాదని ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం: 1350) వివరించారు. ఇది కేవలం పదాల చర్చ కాదు. ప్లేగును మామూలు జ్వరంగా భావించి ఒకటి రెండు రోజులు ఉపేక్షిస్తే రోగి ప్రాణానికే ముప్పు.

తాఊన్‌కు ముఖ్యమైన గుర్తు బిళ్ళ కట్టడం. అది ఒంటెకు లేచే గడ్డ వంటిదని దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)కు తెలిపినట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. చంకలలో, గజ్జలలో, చెవుల వెనుక ఈ వాపు వస్తుందని ఇబ్నె సీనా (మరణం: 1037) పేర్కొన్నారు.

ఇందుకు కారణం నేడు స్పష్టమైంది. 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ అనే శాస్త్రజ్ఞుడు ప్లేగు క్రిమిని కనుగొన్నాడు. ఎలుకల మీది గోమార్లు మనిషిని కుట్టినప్పుడు ఈ క్రిమి శరీరంలో ప్రవేశించి, సమీపంలోని గ్రంథిని చేరుతుంది. కాలిపై కుడితే గజ్జలో, చేతిపై కుడితే చంకలో బిళ్ళ లేవడం అందుకే.

క్రిమి సోకిన 1 నుంచి 7 రోజులలో హఠాత్తుగా జ్వరం, చలి, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, తీవ్రమైన నీరసం కలుగుతాయి. బిళ్ళ ముట్టుకోనివ్వనంతగా నొప్పి పెడుతుంది. వ్యాధి రక్తంలో వ్యాపిస్తే వేళ్ళు, ముక్కు నల్లబడవచ్చు. ఊపిరితిత్తులకు సోకితే దగ్గు, ఆయాసం, రక్తంతో కూడిన కఫం కనిపిస్తాయి. ఈ రకం దగ్గు తుంపరల ద్వారా ఇతరులకు సోకుతుంది. దీనిలో బిళ్ళ కనిపించకపోవచ్చు కనుక మరింత జాగ్రత్త అవసరం. చికిత్స లేకపోతే బిళ్ళల ప్లేగులో నూటికి 30 నుంచి 60 మంది, ఊపిరితిత్తుల ప్లేగులో దాదాపు అందరూ మరణిస్తారు. స్ట్రెప్టోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులు వెంటనే అందితే చాలామంది కోలుకుంటారు.

ఇళ్ళలో ఎలుకలు రాలిపడుతున్న చోట ఇటువంటి జ్వరం వస్తే, బిళ్ళ లేచేదాకా వేచి ఉండక వెంటనే వైద్యునికి చూపించాలి.

తాఊన్ ఉన్న ఊరికి వెళ్ళవద్దనీ, ఉన్న ఊరి నుంచి పారిపోవద్దనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. హిజ్రీ 18లో సిరియాలో తాఊన్ చెలరేగినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోటు నుంచి వెనుదిరిగారు. లక్షణాలు కనిపించక ముందే క్రిమి శరీరంలో ఉండగలదని తెలిసిన నేడు ఈ ఆదేశంలోని మేలు మరింత బోధపడుతుంది. ఆరోగ్యంగా కనిపిస్తూ ఊరు విడిచినవాడు వ్యాధిని వెంట తీసుకుపోవచ్చు. అయితే రోగిని దూరంగా ఉంచడం వేరు, దిక్కులేకుండా వదిలివేయడం వేరు. ముక్కు, నోరు కప్పుకుని రోగికి సేవచేయడం, సకాలంలో వైద్యం అందించడం అతని చుట్టూ ఉన్నవారి బాధ్యత.