నాటక వేషాలకు, తెరలకు ట్యాబ్‌పై చిత్రలేఖనం

మన సరిహద్దు పల్లెలలో నాటకమనగానే హార్మోనియం, పద్యం గుర్తుకు వస్తాయి. వాటి వెనుక మరి రెండు పనులున్నాయి. ఒకటి వేషాలు సిద్ధపరచడం, రెండవది తెరలు గీయడం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం పేరు తెరలు, రంగాలంకరణల వలన కూడా నిలిచింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావుల కాలంనుండి బళ్లారి తెలుగు నాటకానికి పుట్టినిల్లు వంటిది. అటువంటి ప్రాంతంలో నేడు పాత తెరలు చిరిగిపోతున్నాయి. వేషాల కొలతలు ఎరిగినవారు తగ్గిపోతున్నారు. ఈ పనికి ట్యాబ్, స్టైలస్ ఎంతవరకు ఉపకరిస్తాయో తెలుసుకుందాం.

పలక, గంటం

ట్యాబ్‌ను పలక అనుకుంటే స్టైలస్ దానికి గంటం. కానీ స్టైలస్‌లన్నీ ఒక్కటి కావు. రబ్బరు మొన గల చౌక రకం వ్రేలి స్పర్శకు బదులు మాత్రమే. ఎంత నొక్కినా గీత మందం మారదు. ఒత్తిడిని గ్రహించే రకంలో మెల్లగా గీస్తే సన్నని గీత, నొక్కి గీస్తే లావుపాటి గీత వస్తుంది. వీటిలో కొన్నింటికి ఛార్జింగ్ అవసరం. మరికొన్నింటికి తెర అడుగునుండి వచ్చే విద్యుదయస్కాంత క్షేత్రమే శక్తినిస్తుంది కనుక, గీయడానికి బ్యాటరీ అక్కరలేదు. ఏ ట్యాబ్‌కు ఏ స్టైలస్ పనిచేస్తుందో విచారించుకొని కొనడం మంచిది. గీయడానికి క్రీటా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నది.

పొరల ప్రయోజనం

ఇందులో ముఖ్యమైన సదుపాయం లేయర్లు, అనగా పొరలు. అద్దపు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు బొమ్మను భాగాలుగా గీయవచ్చును. సత్య హరిశ్చంద్ర నాటకాన్నే తీసుకోండి. అడుగు పొరలో నటుని ఆకారం, దానిపై పంచె, ఆపై నడికట్టు, హారాలు, భుజకీర్తులు, కిరీటం వేర్వేరు పొరలలో గీయాలి. కాటి సీనుకు కిరీటం, భుజకీర్తుల పొరలను మూసి, గొంగళి, కర్ర ఉన్న పొరను తెరిస్తే చాలు. రాజు కాటికాపరి అవుతాడు. రెండు సీన్ల మధ్య ఏవేవి విప్పాలో, ఏది లోపల ఉంచి పైన కప్పవచ్చునో అక్కడే తేలుతుంది. దానినిబట్టి ముడి వేయాలా, కొక్కెం పెట్టాలా అని దర్జీతో ముందే మాట్లాడుకోవచ్చును.

మన ప్రాంతానికి ఇంకొక లాభమున్నది. దర్జీ కన్నడం చదివేవాడు, చిత్రకారుడు తెలుగు చదివేవాడు కావచ్చు. కొలతలు, సూచనలు ఒక పొరలో తెలుగులోను, మరొక పొరలో కన్నడంలోను వ్రాసి, ఎవరికి పంపేటప్పుడు వారి పొరను తెరిచి ఉంచవచ్చును. బొమ్మ ఒక్కటే, భాషలు రెండు.

కొలత తప్పితే

బొమ్మ ఎంత అందంగా ఉన్నా కొలత లేనిదే పనికిరాదు. అడుగుకు అరంగుళం చొప్పున గీయడం సులభమైన లెక్క. 24 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు గల తెర బొమ్మలో 12 అంగుళాలు, 6 అంగుళాలు అవుతుంది. అదే లెక్కన నటుని ఆకారాన్ని కూడా అందులో నిలబెట్టాలి. అయిదున్నర అడుగుల మనిషికి అడుగు ఎత్తు కిరీటం పెడితే ఆరున్నర అడుగులు. దర్బారు ద్వారం ఆరడుగులే ఉంటే కిరీటం తగులుతుంది. ఈ సంగతి నాటకం రాత్రి కంటే బొమ్మలో తెలియడం మేలు.

తెరను గుడ్డపైకి ఎక్కించడానికి పాత గళ్ల పద్ధతే నమ్మకమైనది. బొమ్మపై అరంగుళం గళ్లు గీస్తే 288 గళ్లు వస్తాయి. గుడ్డపై సుద్ద పూసిన దారంతో అడుగు గళ్లు కొట్టి, ఒక్కొక్క గడిని పెంచి గీయాలి. బొమ్మను నేరుగా ఫ్లెక్సీగా ముద్రించవచ్చును కదా అనవచ్చు. 12 అంగుళాల బొమ్మ అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 చుక్కలు. అవి 288 అంగుళాల తెరపై పరచుకుంటే అంగుళానికి పన్నెండున్నర మాత్రమే. ఒక్కొక్క చుక్క దాదాపు రెండు మిల్లీమీటర్లు. ముందు వరుసవారికి గీతలన్నీ మెట్లుమెట్లుగా కనబడతాయి. చేతితో పూసిన తెరకు ఈ దోషం లేదు.

రంగులతో జాగ్రత్త

ట్యాబ్ తెర తానే వెలుగుతుంది. గుడ్డ తనపై పడిన వెలుగును తిప్పి పంపుతుంది. కాబట్టి ట్యాబ్‌లోని పసుపును అంగడిలో వెదకితే దొరకదు. గుడ్డ ముక్కను ఎంచి, దాని పేరును బొమ్మ ప్రక్కన వ్రాయాలి. ఎర్రలైటు క్రింద ఆకుపచ్చ బట్ట నల్లగా మారుతుంది. దీనిని ముందే ఊహించడానికి, బొమ్మపై ఎర్రటి పొర పరచి, దానిని మల్టిప్లై అనే పద్ధతిలో ఉంచి చూడవచ్చును. ఫలితం ఉజ్జాయింపే అయినా హెచ్చరికకు చాలును. అలాగే బొమ్మనంతా తెలుపు నలుపులలోకి మార్చి చూడాలి. అప్పుడు వేషం తెరలో కలిసిపోతే, రంగుల వెలుగులో నటుడు స్పష్టంగా కనబడటం కష్టం.

ముందుగా చేయవలసినది

ఒకసారి కత్తిరించిన పట్టుబట్ట తిరిగి అతుకదు. ఒకసారి రంగు పూసిన తెర తిరిగి తెల్లబడదు. ఆ ఖర్చు ఊరి చందాలనుండి వచ్చినది. తప్పులను గుడ్డపై కాక బొమ్మలోనే దిద్దుకొనడం ఈ సాధనం ఇచ్చే నిజమైన లాభం. అయితే పంచెకట్టు మడతలు, భుజకీర్తికి అట్ట వంచే తీరు ట్యాబ్‌కు తెలియవు, పెద్దలకే తెలుసు. కొత్త బొమ్మ మొదలుపెట్టేముందు ఊరిలో మిగిలిన పాత తెరలను, కిరీటాలను పగటి వెలుగులో ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. కొలతలు వ్రాసుకోండి. కుట్టినవారిని, గీసినవారిని అడిగి వివరాలు చేర్చండి. ఫైళ్లను రెండు చోట్ల దాచండి.

ట్యాబ్ లేనివారు నిరాశపడనక్కరలేదు. గళ్ల కాగితం, పెన్సిలు, పైన పరచడానికి పలుచని ట్రేసింగ్ కాగితాలు ఉంటే ఇదే లెక్క, ఇవే పొరలు. సాధనం మారినా, కొలిచి గీయడమే ఈ విద్యకు మూలం.