మీకు తెలుసా? నక్షత్రము మినుకుటలో దొరికిన వలయములు

సూర్యునికి అతిదూరమున పరిభ్రమించు మంచుగ్రహమగు యురేనస్‌కు వలయములు గలవని లోకమునకు తొలుత తెలిపినది ఛాయాచిత్రము కాదు. 1977 మార్చి 10వ తేదీ రాత్రి ఆ గ్రహము తులారాశిలోని యొక మసక నక్షత్రమునకు అడ్డువచ్చుచుండగా, గ్రహబింబము తాకకమునుపే తారకాకాంతి పలుమారు క్షీణించి మరల వెలుగుటయే.

హిందూమహాసముద్రముపై విమానమున నుండి జేమ్స్ ఎలియట్ బృందము ఈ వింతను గమనించినది. తమిళనాడులోని కావలూరు వేధశాలయందు, ఒక మీటరు దర్పణముగల దూరదర్శినితో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి గార్లును అట్టి క్షీణతనే నమోదుచేసి, అది క్రొత్త ఉపగ్రహమని తలచిరి. నానాస్థలముల కాలగణనలను సరిపోల్చగా వలయములని తేలెను. కావలూరు వేధశాలకు మూలపురుషుడగు వైను బప్పు హైదరాబాదున పెరిగి నిజాం కళాశాలలో చదివినవాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఈ సంబంధము మనవారికి మరింత తెలియవలసియున్నది.

యురేనస్‌కన్న మిక్కిలి చిన్నవగు మంచుగోళములు ఇట్లే నక్షత్రములకు అడ్డువచ్చునపుడు పరిశీలకుడు నిలుచు చోటే ప్రధానము. నక్షత్రకాంతిలో భూమిపై పడు నీడ వెడల్పు ఇంచుమించుగా ఆ గోళము వెడల్పే యగుటచేత, ముప్పది కిలోమీటర్ల గోళము అడ్డువచ్చినచో తెనాలిలో నక్షత్రము ఒక్క సెకను మాయమగుచుండ, బాపట్లలో నిశ్చలముగ వెలుగుచుండవచ్చును. అందుచేతనే 2017లో అర్జెంటీనాయందు శాస్త్రజ్ఞులు దూరదర్శినులను వరుసగా నిలిపి, అరోకోత్ అను అట్టి మంచుగోళము ఆకృతిని, ఒక వ్యోమనౌక అచ్చటికి చేరుటకు ఏడాదికి పైగా ముందే, గ్రహింపగలిగిరి.