పడుకుంటే నొప్పి.. నడిస్తే హాయి!

తెల్లవారుజామున ఉస్మానియా క్యాంపస్‌లో నడవడానికి గోల్నాక నుంచి, తార్నాక నుంచి ఎంతోమంది వస్తుంటారు. వాళ్లలో యాభై దాటినవాళ్లే ఎక్కువ. అదే వేళకు ఇంట్లో పాతికేళ్ల కుర్రాడు నడుం పట్టేసి మంచం దిగలేకపోతుంటే మీరేమంటారు? ‘రాత్రంతా ఫోన్ చూశావుగా’, ‘బండి మీద తిరుగుళ్లు తగ్గించు’, ‘రెండ్రోజులు కదలకుండా పడుకో’.. ఇంతేగా! ఆ చివరి సలహాతోనే ఒక్కోసారి చిక్కు.

మామూలు నడుం నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. పడుకుంటే పెరిగి, నాలుగడుగులు వేస్తే తగ్గే నొప్పి అయితే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌ను అనుమానించాలి. రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పి, వెన్నులోనూ, వెన్ను తుంటి ఎముకలతో కలిసేచోటా వాపు పుట్టించే జబ్బిది. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అతుక్కున్నాక విడదీసే మందు లేదు. అందుకే త్వరగా గుర్తించడం ముఖ్యం.

మెడ నొప్పినీ మనం ‘స్పాండిలైటిస్’ అనేస్తుంటాం. అది చాలావరకు వయసుతో వచ్చే అరుగుదల. దాని పేరు స్పాండిలోసిస్. ఈ రెండూ వేరు.

ఇవి గమనించండి

* 45 ఏళ్లలోపు మొదలై, 3 నెలలు దాటినా వదలని నొప్పి
* ఉదయం లేవగానే అరగంటకు పైగా నడుం బిగుసుకుపోవడం
* తెల్లవారుజామున నొప్పితో మెలకువ రావడం
* పిరుదుల్లో ఒకసారి ఒకవైపు, మరోసారి ఇంకోవైపు నొప్పి
* మడమ నొప్పి, సొరియాసిస్, లేదా కన్ను ఎర్రబడి నొప్పితో వెలుగు చూడలేకపోవడం

కన్ను అలా ఎర్రబడితే ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కు చూపించాలి. ఈ జబ్బు ఆడవాళ్లకూ వస్తుంది.

జన్యువు ఉంటే జబ్బేనా?

ఈ జబ్బుకు హెచ్ఎల్ఏ-బి27 అనే జన్యువుతో సంబంధం ఉందని 1973లో తేలింది. రక్తపరీక్షలో అది ‘పాజిటివ్’ అని రాగానే ఇంటిల్లిపాదీ బెంగపడిపోతారు. ఒక్కసారి ఆర్కిటిక్ వైపు చూడండి. అలాస్కాలోని యూపిక్, ఇనుపియాట్ ప్రజల్లో నూటికి పాతికమందికి పైగా ఈ జన్యువు ఉంది. మన దేశంలో అది చాలా తక్కువ. అయినా అక్కడ ఈ కోవ వెన్ను జబ్బులన్నీ కలిపినా నూటికి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లలోనే కనిపించాయి. అంటే జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉన్నారన్నమాట. అలాగని ‘నెగెటివ్’ వస్తే జబ్బు లేదనీ కాదు. లక్షణాలతో కలిపి చూస్తేనే ఆ రిపోర్టుకు అర్థం. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. అప్పుడు ఎంఆర్ఐ అవసరమవుతుంది.

చికిత్స ఉంది

వాపు తగ్గించే మాత్రలు, రోజూ వ్యాయామం.. ఇవే తొలి మెట్టు. వీటితో లొంగకపోతే బయొలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. నొప్పి మాత్రలు సొంతంగా కొని ఏళ్ల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. సిగరెట్ మానేయాల్సిందే. అది వెన్ను అతుక్కుపోవడాన్ని వేగవంతం చేస్తుంది.

చూపించాల్సింది రుమటాలజిస్టుకు. పంజాగుట్ట నిమ్స్‌లో ఈ విభాగం ఉంది. ఈలోగా మీ అబ్బాయినో, అమ్మాయినో పడుకోమనకండి. రేపు పొద్దున మీ వెంట నడకకు తీసుకెళ్లండి. నడిచాక నొప్పి తగ్గిందా, పెరిగిందా అడగండి. ఆ జవాబు డాక్టర్‌కు చెప్పండి.