ఇంగ్లీషు గడగడా రాకపోయినా వాక్యంలో తప్పు పట్టొచ్చు

"వన్ ఆఫ్ ది ట్రెయిన్స్ / ఫ్రమ్ విజయనగరం / హావ్ బీన్ క్యాన్సిల్డ్ / నో ఎర్రర్." నాలుగు ముక్కలు. తప్పు ఏ ముక్కలో ఉందో చెప్పాలి. చీపురుపల్లిలో డిగ్రీ పూర్తిచేసి ఎస్సెస్సీకో, బ్యాంకుకో ప్రిపేర్ అవుతున్నవాళ్లలో చాలామంది దీన్ని మనసులో ఒకసారి చదువుకుని, ‘బాగానే ఉంది కదా’ అనుకుని నో ఎర్రర్ మీద నొక్కేస్తారు. తప్పు మూడో ముక్కలో ఉంది. రద్దయినది ఒక్క రైలే కాబట్టి ‘హ్యాజ్ బీన్ క్యాన్సిల్డ్’ అనాలి.

ఈ రూలు తెలియనివాళ్లు తక్కువ. ఇంటర్‌లో చదివారు, కోచింగ్‌లో విన్నారు, నోట్సులో రాసుకున్నారు. అయినా మార్కు పోతోంది. ఎందుకంటే వాక్యాన్ని చెవితో చదువుతున్నారు. ఆ చెవి తెలుగుతో, ఇంట్లో ఉర్దూతో పెరిగింది. ఈ రెండు భాషల్లో సరిగ్గా వినిపించేది ఇంగ్లీషులో తప్పు కావచ్చు. ఏ చోట చెవి మోసం చేస్తుందో ముందే తెలుసుకుంటే, ఇంగ్లీషు గడగడా మాట్లాడటం రాకపోయినా ఈ ప్రశ్నలు చేయొచ్చు.

ఎన్ని మార్కుల సంగతి

ప్రస్తుత నమూనా ప్రకారం ఎస్సెస్సీ సీజీఎల్ టియర్-1లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, 60 నిమిషాలు. అందులో ఇంగ్లీషు 25 ప్రశ్నలు, 50 మార్కులు. టియర్-2లో దాని బరువు ఇంకా పెరుగుతుంది. పేపర్-1 మొత్తం 390 మార్కులైతే ఇంగ్లీషుకే 45 ప్రశ్నలు, 135 మార్కులు. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు 30 ప్రశ్నలు, 30 మార్కులు, సమయం 20 నిమిషాలు.

రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షను తెలుగులోనో ఉర్దూలోనో రాసుకోవచ్చు, అందులో ఇంగ్లీషు విభాగమే లేదు. ఎస్సెస్సీ ఎంటీఎస్ పరీక్షను కూడా తెలుగు, ఉర్దూ సహా 13 ప్రాంతీయ భాషల్లో పెట్టడానికి 2023లో కేంద్రం అనుమతించింది. అయితే ఇక్కడే కొందరు పొరబడుతున్నారు. మిగతా ప్రశ్నలు మన భాషలో వచ్చినా ఎంటీఎస్ రెండో సెషన్‌లో 25 ప్రశ్నల ఇంగ్లీషు విభాగం అలాగే ఉంది. దాని విలువ 75 మార్కులు. బ్యాంకు క్లర్కు పరీక్షలోనూ అంతే. ఇంగ్లీషును పక్కన పెట్టేసి గట్టెక్కుదామంటే కుదరదు.

ఈ విభాగంలో అన్నీ తప్పు పట్టే ప్రశ్నలే ఉండవు. కానీ వాక్యాన్ని సరిచేయమనే ప్రశ్నకీ, ఖాళీలు నింపమనే ప్రశ్నకీ, క్లోజ్ టెస్టుకీ కావాల్సింది ఇదే వ్యాకరణం. ఒకచోట పట్టు దొరికితే నాలుగు చోట్ల మార్కులు వస్తాయి.

చెవి ఎక్కడ మోసం చేస్తుంది

మొదటి వాక్యాన్నే మళ్లీ చూద్దాం. తెలుగులో ‘వాళ్లలో ఒకరు వచ్చారు’ అంటాం. మనిషి ఒక్కరే, కానీ క్రియ మాత్రం బహువచనంలా ‘వచ్చారు’ అని ఉంటుంది. అది గౌరవం. ఈ అలవాటు ఉన్న చెవికి ‘వన్ ఆఫ్ దెమ్ హావ్ కమ్’ అన్నది తప్పుగా తోచదు. ఇంగ్లీషు క్రియకు గౌరవంతో పనిలేదు, లెక్కతోనే పని. ఒకటైతే ‘హ్యాజ్’, ఎక్కువైతే ‘హావ్’.

కాలం విషయంలోనూ ఇదే గొడవ. ‘2019 నుంచి చీపురుపల్లిలో ఉంటున్నాను’ అన్నది మంచి తెలుగు. దాన్నే మాటకు మాట మార్చితే ‘ఐ యామ్ లివింగ్ ఇన్ చీపురుపల్లి ఫ్రమ్ 2019’ అవుతుంది. ఇందులో రెండు తప్పులున్నాయి. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పని కాబట్టి ‘హావ్ బీన్ లివింగ్’ అనాలి, మొదలైన సంవత్సరం చెప్పాం కాబట్టి ‘సిన్స్’ రావాలి. అలాగే ‘నిన్న చూశాను’, ‘ఇప్పటికే చూశాను’ రెండింటికీ తెలుగులో ఒకటే ‘చూశాను’. ఇంగ్లీషులో ‘యెస్టర్‌డే’ ఉంటే ‘సా’ మాత్రమే. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ తప్పు.

ఉర్దూ ఇంకోచోట దెబ్బతీస్తుంది. ‘అగర్ వో కల్ ఆయేగా’ అని మామూలుగా అంటారు. అందులో భవిష్యత్ కాలం ఉంది. అదే ఊపులో ‘ఇఫ్ హీ విల్ కమ్ టుమారో’ అని చదివితే ఏ తేడా అనిపించదు. ఇంగ్లీషులో ‘ఇఫ్’ తర్వాత ‘విల్’ రాదు, ‘ఇఫ్ హీ కమ్స్ టుమారో’ అనాలి. ‘విల్’ రెండో భాగంలో వస్తుంది.

ఒక్క ‘సే’, నాలుగు పనులు

ప్రిపొజిషన్లలో పోయే మార్కులే ఎక్కువగా చిరాకు తెప్పిస్తాయి. ఉర్దూలో ‘సే’ అనే చిన్న మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. ‘2019 సే’, ‘డాక్టర్ సే షాదీ’, ‘ముఝ్ సే సీనియర్’, ‘ఉస్ సే పూఛా’. తెలుగులో ఇవి నుంచి, తో, కంటే, ని అని విడిపోతాయి. ఇంగ్లీషు వీటిని మరోలా విడగొడుతుంది.

‘సిన్స్ 2019’ అనాలి. ‘మ్యారీడ్ విత్ ఎ డాక్టర్’ తప్పు, ‘మ్యారీడ్ టు’ అనాలి. ‘సీనియర్ దాన్ మీ’ తప్పు, ‘సీనియర్ టు మీ’ అనాలి. జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్‌కీ ‘టు’నే. ‘ప్రిఫర్ టీ దాన్ కాఫీ’ కాకుండా ‘ప్రిఫర్ టీ టు కాఫీ’. ఇక ‘ఆస్క్డ్ హిమ్’ దగ్గర మధ్యలో ఏమీ రాదు.

ఏమీ రాకూడని చోట ఏదో ఒకటి పెట్టడం మనవాళ్లు తరచూ చేసే తప్పు. సమస్య ‘గురించి’ చర్చించారు కాబట్టి ‘డిస్కస్డ్ ఎబౌట్ ది ప్రాబ్లమ్’ అనిపిస్తుంది. గది‘లోకి’ వచ్చాడు కాబట్టి ‘ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్’. స్టేషన్‌‘కి’ చేరాం కాబట్టి ‘రీచ్డ్ టు ది స్టేషన్’. ఈ మూడింటిలోనూ మధ్య మాట తీసేయాలి. డిస్కస్, ఎంటర్, రీచ్, అవెయిట్, రిజెంబుల్ అనే ఐదు క్రియల పక్కన ప్రిపొజిషన్ కనిపిస్తే వెంటనే అనుమానించాలి.

తెలుగు లిపి సాయం చేసే చోటు

ప్రతిసారీ మాతృభాష అడ్డమే అనుకోకూడదు. ‘ఎ’ పెట్టాలా ‘యాన్’ పెట్టాలా అన్నచోట తెలుగు లిపి చక్కగా పనికొస్తుంది. ఇంగ్లీషు మాట స్పెల్లింగును మర్చిపోయి, దాన్ని తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే ‘యాన్’, హల్లుతో మొదలైతే ‘ఎ’.

గంటకు ‘అవర్’ అని రాస్తాం. ‘అ’ అచ్చు, కాబట్టి ‘యాన్ అవర్’. ‘ఆనెస్ట్ మ్యాన్’లో ‘ఆ’ అచ్చు, కాబట్టి ‘యాన్ ఆనెస్ట్ మ్యాన్’. ‘యూనివర్సిటీ’లో మొదటిది ‘య’, అది హల్లు. అందుకే ‘ఎ యూనివర్సిటీ’. ‘వన్ రూపీ కాయిన్’లో ‘వ’ హల్లు, అక్కడా ‘ఎ’నే. ‘ఎమ్మెల్యే’, ‘ఎస్పీ’ రెండూ ‘ఎ’తో మొదలవుతాయి, కాబట్టి ‘యాన్ ఎమ్మెల్యే’, ‘యాన్ ఎస్పీ’. ఒక్క జాగ్రత్త. మాట్లాడేటప్పుడు మనం ‘యెమ్మెల్యే’, ‘యెగ్గు’ అని ముందు ఒక ‘య’ చేరుస్తాం. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

డబ్బు విషయంలోనూ మన నోటి అలవాటు కలిసొస్తుంది. ‘పదివేలు సరిపోతుంది’ అంటాం, సరిపోతాయి అనం. ఇంగ్లీషూ అంతే. మొత్తాన్ని ఒక్కటిగా చూసినప్పుడు ‘టెన్ థౌజండ్ రుపీస్ ఈజ్ ఎనఫ్’ అనాలి.

ఖాతా పుస్తకం చూసినట్టు చూడాలి

కామర్స్ చదివినవాళ్లకు ఈ పద్ధతి తేలిగ్గా ఎక్కుతుంది. ఆడిటర్ ఖాతా పుస్తకం తెరిచి ‘మొత్తానికి బాగానే ఉంది’ అని సంతకం పెట్టడు. ఒక్కో పద్దు తీసి వోచరుతో సరిచూస్తాడు. వాక్యాన్నీ అలాగే, ప్రతిసారీ ఒకే వరుసలో చూడాలి.

1. క్రియ ఎవరిది? ముందు క్రియను పట్టుకుని, దాని అసలు కర్తను వెతకాలి. మధ్యలో ఉన్న మాటలను మూసేసి చదవాలి. ‘ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ ఆర్ గుడ్’లో క్రియ పక్కన మామిడిపళ్లు ఉన్నాయి, కానీ కర్త ‘క్వాలిటీ’. అందుకే ‘ఈజ్’. ‘ది హెడ్‌మాస్టర్, ఎలాంగ్ విత్ ది టీచర్స్, వర్ ప్రెజెంట్’లో కామాల మధ్య ఉన్నది తీసేస్తే మిగిలేది హెడ్‌మాస్టర్ ఒక్కరే, కాబట్టి ‘వాజ్’. ‘నైదర్, నార్’ వస్తే మాత్రం క్రియకు దగ్గరున్న కర్తను చూడాలి.

2. కాలం సరిపోయిందా? సిన్స్, ఫర్, యెస్టర్‌డే, ఎగో, ఇఫ్ లాంటి మాటలు కనిపిస్తే క్రియ రూపాన్ని వాటితో సరిచూడాలి. ‘హావింగ్’, ‘నోయింగ్’ దగ్గరా ఆగాలి. ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ తప్పు, ‘ఐ హావ్’ చాలు.

3. నామవాచకం లెక్కపెట్టేదేనా? ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, అడ్వైస్, సీనరీ, వీటి చివర ‘స్’ చేరదు. ‘వన్ ఆఫ్ ది’ తర్వాత మాత్రం బహువచనమే రావాలి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ తప్పు, ‘ఫ్రెండ్స్’ అనాలి.

4. ప్రిపొజిషన్ సరైనదేనా, అసలు అవసరమా?

5. ఆర్టికల్ ఉందా, ఉంటే సరైనదేనా? తెలుగులోనూ ఉర్దూలోనూ ఆర్టికల్స్ లేవు. అందుకే అది లేకపోయినా లోటు తెలియదు. వెతికితేనే కనిపిస్తుంది.

6. జంటలు కుదిరాయా, ఒకే అర్థం రెండుసార్లు వచ్చిందా? ‘నో సూనర్’ ఉంటే ‘దాన్’, ‘హార్డ్లీ’ ఉంటే ‘వెన్’. ‘వాన పడుతున్నా కానీ బస్సు వచ్చింది’ అనే అలవాటుతో ‘ఆల్దో’ పక్కన ‘బట్’ చేరుస్తాం, అది తీసేయాలి. ‘రిటర్న్ బ్యాక్’, ‘రిపీట్ ఎగైన్’లో రెండో మాట దండగ. ‘కజిన్ బ్రదర్’ కూడా అంతే. బాబాయి కొడుకైనా, మేనమామ కొడుకైనా, ఖాలాజాద్ భాయి అయినా ఇంగ్లీషుకు అందరూ ‘కజిన్’లే.

ఈ ఆరూ చూశాక కూడా ఏమీ దొరకకపోతే అప్పుడు నో ఎర్రర్ పెట్టాలి. అది చివరి మెట్టు. ఏ తప్పూ లేని వాక్యాలు పరీక్షలో వస్తాయి కాబట్టి ఆ ఆప్షన్‌ను చూసి భయపడక్కర్లేదు. అనుమానం వచ్చినప్పుడల్లా దాని మీదకు పోవడమే ప్రమాదం.

తెలియనప్పుడు గుడ్డిగా పెట్టొచ్చా?

దీనికి లెక్క ఉంది. సీజీఎల్ టియర్-1లో సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే నాలుగు ప్రశ్నలకు సగటున ఒకటి తగులుతుంది. 2 వచ్చి ఒకటిన్నర పోతుంది, మిగిలేది అర మార్కు. టియర్-2లో సరైనదానికి 3, తప్పుకు 1 కోత. అదే లెక్కన 3 వస్తే 3 పోతుంది, మిగిలేది సున్నా. బ్యాంకు పరీక్షలో సరైనదానికి 1, తప్పుకు పావు మార్కు కోత. ఐదు ఆప్షన్లు ఉంటే అక్కడా చివరికి సున్నానే.

కానీ పై వరుసలో వెళ్లి రెండు ముక్కలు కచ్చితంగా బాగున్నాయని తేల్చుకుంటే లెక్క మారిపోతుంది. మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే టియర్-1లో రెండు ప్రశ్నలకు సగటున ఒకటిన్నర మార్కు మిగులుతుంది. టియర్-2లో 2 మార్కులు. అంటే సగం తెలిసినా లాభమే, ఏమీ తెలియకుండా పెడితేనే దండగ.

ఇంటి దగ్గర ఏం చేయాలి

విశాఖలో హాస్టల్, కోచింగ్ ఫీజు భరించలేక ఆగిపోయేవాళ్లకు, ముఖ్యంగా ఇంటి నుంచి దూరం పంపని అమ్మాయిలకు, ఈ ఒక్క భాగం ఇంట్లో కూర్చుని చేసుకోదగ్గది. రోజుకు పాత ప్రశ్నలు ఇరవై చాలు. జవాబు చూశాక తప్పయినవాటిని ఒక నోటుబుక్కులో రాయాలి. పక్కన పై ఆరింటిలో అది ఏ నంబరుదో వేయాలి. నెల తిరిగేసరికి ఏ నంబరు దగ్గర ఎక్కువ మార్కులు పోతున్నాయో కనిపిస్తుంది. ఒకరికి అది ఆర్టికల్స్ కావచ్చు, మరొకరికి ప్రిపొజిషన్లు. అప్పుడు గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టే పని ఉండదు, ఆ ఒక్క పాఠం మీద కూర్చుంటే సరిపోతుంది.

మొదట్లో ఒక్కో వాక్యానికి రెండు నిమిషాలు పట్టినా కంగారు పడకూడదు. సీజీఎల్‌లో సగటున ఒక ప్రశ్నకు 36 సెకన్లు, బ్యాంకు ఇంగ్లీషులో 40 సెకన్లు ఉంటాయి. వరుస అలవాటైతే వేగం దానంతట అదే వస్తుంది.

విజయనగరం మహారాజా కళాశాలలో పనిచేసిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఊరందరినీ బోల్తా కొట్టిస్తాడు. ఆ నాటకం మొదట ప్రదర్శించిన 1892 నుంచి ఇప్పటిదాకా మన దగ్గర ఇంగ్లీషు మాట్లాడేవాడంటే ఒక భయం, ఒక గౌరవం ఉన్నాయి. అయితే కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్షలో ఎవరు ఎంత ధాటిగా మాట్లాడతారో ఎవరూ అడగరు. తప్పు ఏ ముక్కలో ఉందన్నదే అడుగుతారు. కూర్చుని ఓపిగ్గా సరిచూసే అలవాటు ఉన్నవాళ్లు, అది చీపురుపల్లి అయినా ఇంకో పల్లె అయినా, ఆ ప్రశ్నకు జవాబు పెట్టగలరు.